కాకి కంటే ముందు

పోయిన మహాలయ అమావాస్య నాడు గుడి వెనక పెరట్లో నేను చేసిన ఘనకార్యాన్ని మీలో ఎవరో ఫోనులో పట్టారట. పెద్దల పేరున వేసిన ఆకులోంచి, కాకి ముట్టకముందే, ఈ తామ్వే పేట ముసలాడు గారె తీసుకుని నోట్లో వేసుకోవడం, పూజారిగారు మంత్రం మధ్యలో ఆగిపోవడం, వెనక ఎవరో కిసుక్కున నవ్వడం, అన్నీ చక్కగా పడ్డాయట. దానికి "తాతకి ఆకలెక్కువ" అని పేరు పెట్టి ఊరంతా పంచారని మా మనవరాలు చూపించింది. ఆకలి మాట అబద్ధం కాదు. కానీ అలా తినడం నాకది మొదటిసారి కాదు, ఏటా తింటాను. మన తెలుగు సంఘం పుస్తకానికి ఉద్యోగ జ్ఞాపకం ఏదైనా రాసిమ్మని కుర్రాళ్ళు మీరే వెంటపడుతున్నారు గనక, ఆ గారె సంగతే రాస్తున్నాను. చదివాక నన్ను గుళ్ళోకి రానివ్వాలో వద్దో మీరే తేల్చుకోండి.

నేను పనిచేసింది నది ఒడ్డున ఒక సర్కారు హోటల్లో. అప్పటికి ఈ ఊరి పేరు ఇంకా రంగూనే, మనవాళ్ళ నోట రంగం. వంటింట్లో నేను రెండో వంటవాణ్ణి. రెండో అంటే ఏదో హోదా అనుకునేరు. మొదటివాడికి తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా, వాడే రెండోవాడు. ఆ రోజుల్లో దేశం తలుపులు బిడాయించుకుని కూర్చుంది. బయటివాళ్ళకి వారం రోజుల వీసా, అదీ అడ్డమైన ప్రశ్నలూ అడిగాక. ఎవరూ వచ్చేవారు కాదు గానీ, మా భోజనాల పట్టిక మాత్రం చాంతాడంత ఉండేది. అతిథి ఏది అడిగినా "ఇవాళ అయిపోయిందండీ" అనేవాళ్ళం. హోటలు పుట్టాక ఆ వంటకం ఒక్కసారి వండితే కదా, అయిపోవడానికి! మేనేజరు అంతకుముందు ఎరువుల గోదాములో చేసిన మనిషి. ఆయన్ని వంటల మీదికి ఎందుకు బదిలీ చేశారో చేసినవాళ్ళకే తెలియాలి. పులుసు మూత తీసినప్పుడల్లా పాత ఉద్యోగం గుర్తొచ్చినట్టు ముక్కు మూసుకునేవాడు.

మొదటి వంటవాణ్ణి అందరూ మేస్త్రీ అనేవారు. చుట్టరికం లేకపోయినా నేను మావా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. వంతెన అవతల తాకేటా పేటలో కాపురం. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోసిన మనిషి. మేస్త్రీ పొట్టివాడు, బట్టతల, నోరు పెద్దది. చేత్తో వండేవాడు, నోటితో వంటిల్లు నడిపేవాడు. మాడు చెక్క కూడా పారేయనిచ్చేవాడు కాదు. ఇంకో అలవాటు ఉండేది. వంటింట్లో గిన్నెలు తోమేవాళ్ళతో సహా అందరూ తిన్నాకే తను కంచం ముందు కూర్చునేవాడు. అప్పటికి కూర మిగలకపోతే ఉప్పూ మిరపకాయా నంజుకుని లేచేవాడు.

ఆయన చిన్నతనం మీకు చెప్పాలి. యుద్ధం రోజుల్లో జపాను వాళ్ళు బర్మా నుంచి సయాం దేశం దాకా అడవుల్లోంచి రైలు దారి వేశారు. మంచి కూలి, బట్టలు, బియ్యం ఇస్తామని ముందు టముకు వేయించారు. తర్వాత టముకు ఖర్చు కూడా ఎందుకని ఊరికే పట్టుకుపోయారు. అలా పోయినవాళ్ళలో మనవాళ్ళూ చాలామంది. తల్లి లేని పిల్లాణ్ణి ఎవరి దగ్గర వదలాలో తోచక, మేస్త్రీ తండ్రి పదేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుపోయాడు. తండ్రి అక్కడే పోయాడు. కొడుకు యుద్ధం అయ్యాక ఎవరెవరి వెనకో నడుచుకుంటూ తిరిగొచ్చాడు.

ఇదంతా మాకు తెలుసు గానీ, ఏడుస్తూ వినలేదు. ఉల్లిపాయలు తరుగుతూ నవ్వుతూ విన్నాం, ఎందుకంటే ఆయన అలాగే చెప్పేవాడు. "నాలాగ రోజూ మాంసం తిన్నోడు రంగంలో ఉన్నాడేట్రా? ఆళ్ళెట్టే అన్నంలో మెతుకు కంటే పురుగే పెద్దది" అనేవాడు. "కలరా వొస్తే సెలవు. ఎవడికొస్తే ఆడికే సెలవు, ఇంక మళ్ళీ పనికి పిలవరు" అనేవాడు. "అంత రైలు దారి ఏసినాను గదా, ఒక్కసారి టిక్కెట్టు లేకుండా ఎక్కించుకున్నారేటి?" అనేవాడు. అక్కడ నేర్చుకున్న జపాను మాటలు నాలుగు. కురా, బకయారో, హయాకు, యసుమే. మొదటి రెండూ తిట్లు. మూడోది త్వరగా కానివ్వమని గద్దింపు. నాలుగోది, ఇక చాలు, విశ్రాంతి తీసుకోమని. మొదటి మూడూ పొద్దున్నుంచి చెవుల్లో మోగేవట. నాలుగోదాని కోసం పొద్దుగూకేదాకా కాచుకుని ఉండేవారట.

తండ్రి మాట మాత్రం ఆ కబుర్లలో రానిచ్చేవాడు కాదు. అమావాస్యకి మనవాళ్ళందరం పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ ఆకులో పెడతాం కదా, ఆయన ఏనాడూ పెట్టలేదు. అడిగితే "మా అయ్యకి నా వంట నచ్చదురా" అని మాట దాటేసేవాడు. ఊరంతటికీ వండే మనిషి కన్నతండ్రికి ఒక్క ఆకు వెయ్యడేమిటని మేం వెనక చెవులు కొరుక్కునేవాళ్ళం.

ఎనభై ఎనిమిదిలో సైనిక పాలన పోవాలని ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. విద్యార్థులు, గుమాస్తాలు, నర్సులు, రేవు కూలీలు, చివరికి కాటి పనివాళ్ళు కూడా జెండా పట్టుకుని నడిచారు. మా హోటలు వాళ్ళమూ ఒక దుప్పటి మీద రంగుతో రాసుకుని బయల్దేరాం. నేను పెద్ద గరిటె ఎత్తి పట్టుకుని నడిచాను, తర్వాత రెండు రోజులు భుజం పట్టేసింది. మా ముందు నడిచింది కౌంటరు దగ్గర కూర్చునే బర్మా అమ్మాయి. చదువుకుంటూనే ఉద్యోగం చేసేది, జపాను భాష వచ్చు, మా వంటింటి తెలుగూ కాస్త అర్థమయ్యేది. ఆ నడకలు నవ్వులతో మొదలై సైన్యం కాల్పులతో ముగిశాయి. మా పక్కవీధి కుర్రాళ్ళు కొందరు ఇంటికి రాలేదు. నాకు అప్పుడు భయం కంటే కోపం ఎక్కువ ఉండేది, ఆ కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలిసేది కాదు.

ఎక్కడివాళ్ళక్కడ సమ్మె. విమానాలు లేవు. హోటల్లో అతిథులందరూ ఎలాగోలా జారుకున్నారు, ఒక్కడు తప్ప. అతను జపాను ముసలాయన, ఒంటరిగా వచ్చాడు. వారం వీసా ఎప్పుడో అయిపోయింది, పైగా కడుపులో నీళ్ళు కూడా ఆగడం లేదు. మేనేజరు గోళ్ళు కొరుక్కుంటూ తిరిగాడు. "ఈయన ఇక్కడ పోతే నన్ను మళ్ళీ ఎరువులకి పంపేస్తారు" అని ఆయన దిగులు. వంట చెయ్యకూడదని సమ్మెవాళ్ళం తీర్మానించుకున్నాం, కానీ రోగికి గంజి వండడం తప్పు కాదని మళ్ళీ మేమే తీర్మానించుకున్నాం.

గంజి కాచింది మేస్త్రీయే. "జపానోడా? ఆళ్ళ బాస నాకొచ్చు గదా. నానే అట్టుకెల్తాను" అని ఆప్రాను సర్దుకుని బయల్దేరాడు. ఉప్పు, నిమ్మకాయ పట్టుకుని నేను వెనక వెళ్ళాను.

ఖాళీ బల్లల మధ్య ముసలాయన ఒక్కడూ కూర్చున్నాడు. మేస్త్రీ గిన్నె ముందు పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, గది అదిరిపోయేలా, "కురా! బకయారో! హయాకు, హయాకు!" అన్నాడు. చల్లారకముందే తినండి బాబూ అని మర్యాదగా చెప్పానని తర్వాత ఒట్టేశాడు. చిన్నప్పుడు తనని అందరూ అలాగే పిలిచేవారు గనక అది జపాను వాళ్ళ మర్యాదే అనుకున్నాడట. నేను నమ్మలేదు. నమ్మకుండా కూడా ఉండలేకపోయాను, ఆ మొహం అలాంటిది.

ముసలాయన చేతిలో చెంచా ఆగిపోయింది. బల్ల పట్టుకుని లేచి నిటారుగా నిలబడ్డాడు. కౌంటరు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఆ మాటలు ఎక్కడ నేర్చుకున్నారని ఆయన అడుగుతున్నట్టు చెప్పింది.

"మీ రైలు బడిలోనే. ఫీజు లేదు, దెబ్బలు బోనసు" అన్నాడు మేస్త్రీ.

ఆ అమ్మాయి దాన్ని ఎలా మార్చి చెప్పిందో తెలియదు. ముసలాయన చాలాసేపు మాట్లాడాడు. తను ఆ రైలు దారి వేయించిన పటాలంలోనే పనిచేశాడట. మేస్త్రీ ఉన్న క్యాంపు కాదు, ఇంకా పైన అడవిలో వేరే క్యాంపు. కూలీల మీద అరవడం, కొట్టడం తన పని. ఆ తిట్లన్నీ తన నోటివే. ఆ కూలీల్లో ఎవరైనా బతికి ఉంటే చూడాలని వచ్చాడు. అడిగిన ప్రతి ఆఫీసులోనూ అలాంటివాళ్ళు ఎవరూ లేరని చెప్పారట. ఇంత చెప్పి, మోకాళ్ళ మీద కూలబడి, నుదురు నేలకి ఆనించాడు.

మేస్త్రీ పాముని చూసినట్టు వెనక్కి గెంతాడు. "లెగండి! లెగండి బావూ! ఓరి నాయనో, నాకంటే పెద్దోడు నా కాల్ల మీద పడితే ఆయుస్సు తగ్గిపోద్దిరా! అల్లుడూ, ఆపరా ఈడిని!"

మనలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళ మీద పడకూడదని మీకూ తెలుసు. జపాను ఆయనకి తెలియదు కదా. తన క్షమాపణ తోసేస్తున్నాడనుకున్నాడు. మోకాళ్ళ మీదే ముందుకు జరిగాడు. మేస్త్రీ బల్ల చుట్టూ తిరిగాడు. ఆయనా బల్ల చుట్టూ తిరిగాడు, ప్రతి మూలకీ ఆగి నేలకి వంగుతూ. గంజి గిన్నె ఒలికింది. అప్పుడే మేనేజరు గుమ్మంలోకి వచ్చి, ఇది ఏ తరహా సమ్మో అర్థం కాక నిలబడిపోయాడు. నాకు నవ్వాగలేదు. అమ్మాయి నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

హఠాత్తుగా మేస్త్రీ ఆగాడు. ఆప్రాను విప్పి బల్ల మీద పెట్టి, వెనక గుమ్మంలోంచి ఒక్క మాట లేకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. నోరు లేకుండా ఆయన్ని చూడడం నాకదే మొదలు, అప్పుడు నవ్వు ఆగిపోయింది.

మర్నాడు విదేశీయుల్ని తీసుకుపోవడానికి ఒక విమానం వస్తోందని ఆ సాయంత్రం కబురొచ్చింది. ఆ వంటమనిషి రేపు వస్తాడా అని ముసలాయన నన్ను అడిగించాడు. రాడని చెప్పాను. రాకూడదనే కోరుకున్నాను కూడా. పడ్డవాడు ఆయన, మండిపోతున్నది నాకు. పుండు ఎద్దుదైతే పొడిచే సరదా కాకిదన్నట్టు ఉంది నా వ్యవహారం, కానీ అప్పుడు నాకలా తోచలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ వచ్చాడు. బస్సులు లేవు. వీధి వీధికీ కుర్రాళ్ళు వెదురు కంచెలు కట్టి కాపలా కాస్తున్నారు. ప్రతి కంచె దగ్గరా మూట విప్పి చూపించుకుంటూ, పజుండావ్ వంతెన దాటి నడిచి వచ్చాడు. మూటలో అరిటాకు, ఇంటి దగ్గరే నానబెట్టిన మినపప్పు, ఎండు రొయ్యలు, ఒక చుట్ట ఉన్నాయి.

"ఏటి మావా, ఆడికి విందేటి?" అన్నాను. "బయట మన కుర్రగుంటలు సచ్చిపోతంటే లోపల నువ్వు ఆడిని ఒగ్గేస్తావా? ఇయాల ఆళ్ళనొగ్గేస్తే రేపు ఈ తుపాకులోళ్ళనీ ఒగ్గెయ్యమంటారు!"

ఆయన పప్పు కడగడం మానలేదు. "ఆడు వొచ్చి అడిగినాడు. ఈళ్ళు అడిగినారేటి? అడిగిన రోజు సూద్దుం. ముందు అల్లం తరుగు."

తరిగాను. గారెలు, పప్పు, రొయ్యల కూర, బెల్లం అన్నం. అంత శ్రద్ధగా ఆయన వండడం నేను అంతకుముందు చూడలేదు, రుచి కూడా చూడకుండా వండాడు. హోటలు వెనక, బొగ్గుల కుప్ప పక్కన ఊడ్చి, నీళ్ళు చల్లి, ఆకు వేసి వడ్డించాడు. ఆకు పక్కన చుట్ట పెట్టాడు. తండ్రి నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగేవాడట.

అమ్మాయి భుజం ఆసరాతో జపాను ఆయన వచ్చాడు. మేస్త్రీని చూడగానే మళ్ళీ వంగబోయాడు. మేస్త్రీ వేలు చూపించాడు. "నాకు కాదు. అటు. మా అయ్య. నీకంటే పెద్దోడు. ఆయనకి మొక్కు. ఆయన ఆయుస్సు తగ్గడానికి ఇంకేటీ మిగల్లేదు."

అమ్మాయికి ఆ మాట మార్చి చెప్పడానికి కాసేపు పట్టింది. ముసలాయన విని, ఆకు వైపు తిరిగి, బొగ్గు మసిలో నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు.

ఇక కాకి రావాలి. వచ్చి ముడితేనే పోయినవాళ్ళు తిన్నట్టు. అందాకా వడ్డించినవాడు మెతుకు ముట్టకూడదు. రాకపోతే వాళ్ళకేదో కోరిక మిగిలిందని, అది తీరుస్తామని మాటివ్వాలి. ఏడాది పొడుగునా మా చేపలు ఎత్తుకుపోయిన కాకులు, తరిమినా పోక మమ్మల్ని చంపుకుతిన్న కాకులు, ఆ రోజు గోడ మీద వరసగా కూర్చుని చోద్యం చూశాయి. ఒక్కటీ దిగలేదు.

"ఏటేటా ఆకేస్తానయ్యా" అన్నాడు మేస్త్రీ. కదల్లేదు.

"సారా మానేస్తాను." ఒక కాకి లేచి ఇంకాస్త దూరం పోయి కూర్చుంది. "నమ్మలేదు మావా" అన్నాను. ఉండబట్టలేక.

విమానానికి తీసుకెళ్ళే కారు వచ్చిందని మేనేజరు గుమ్మంలోంచి చేతులు ఊపాడు. ముసలాయన కదల్లేదు. మేస్త్రీ కూడా చతికిలబడిపోయాడు. ఆకు వంక చూస్తూ, మాతో కాదు, ఎవరితోనో అన్నట్టు మొదలుపెట్టాడు.

"జొరంతో పనికెల్లనోడికి సగం ముద్దే ఎట్టేవోరు. అయ్యకి జొరం. ఆ సగం నా సేతిలో ఎట్టి, 'నువ్వు తిను, నాను ఎనకాల తింతాను' అనేవోడు. నాను తినీసేవోడిని. పదేల్ల గుంటడిని, ఆకలి. రోజూ అదే మాట. ఎనకాల తింతాడనే అనుకున్నాను. ఒకనాడు తెల్లారి లేపితే లెగలేదు."

ఇన్నేళ్ళ రైలు కబుర్లలో ఆయన దాటేస్తూ వచ్చింది ఇదీ. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మేస్త్రీ ఉలిక్కిపడ్డట్టు తలెత్తాడు. "అల్లుడూ! ఆయన ముందు తినడ్రా. ఏనాడూ తినలేదు. నాను తింటేగాని ఆయన తినడు!"

అని, వడ్డించిన ఆకులోంచి గారె తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. "మావా, అపచారం!" అని అరిచాను. ఆయన నమిలాడు, మింగాడు. ఇంకో గారె తీసి జపాను ఆయన అరచేతిలో పెట్టాడు. "నువ్వూ తిను. హయాకు."

ఆ కడుపుతో ఆయన ఆ గారె తినడం వైద్యం ప్రకారం పెద్ద పొరపాటు. తిన్నాడు. కన్నీళ్ళతో, మసి నుదుటితో, పూర్తిగా తిన్నాడు. అప్పుడు గోడ మీదినుంచి ఒక కాకి దిగింది. అటూ ఇటూ చూసి, గారెలు వదిలేసి రొయ్య ముక్క ఎత్తుకుపోయింది. దాని వెనక మిగతావన్నీ దిగాయి. మనుషులు కదలడం మానేశారు గనక ధైర్యం చేశాయని ఇప్పుడు నాకనిపిస్తుంది. ఆ రోజు అనిపించలేదు.

ముసలాయన ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. మేస్త్రీ లేచి ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఈసారి అరవలేదు. చాలా నెమ్మదిగా ఒక్క మాట అన్నాడు.

"యసుమే."

అమ్మాయి మార్చి చెప్పవలసిన పని లేకపోయింది. ముసలాయన మేస్త్రీ చెయ్యి పట్టుకుని లేచాడు. కారెక్కే ముందు, ఇది క్షమించినట్టేనా అని అమ్మాయి చేత అడిగించాడు.

"ఒగ్గేసినానని సెప్పు. మర్సిపోలేదని కూడా సెప్పు. నా తరఫున, మా అయ్య తరఫున, అంతే. మిగతావోల్ల సంగతి నాను సెప్పలేను, ఆల్ల ఆకులు ఆల్లకున్నాయి" అన్నాడు మేస్త్రీ.

గిన్నెలు కడుగుతూ అడిగాను, ఎందుకు మావా అని. "ఇన్నేల్లూ ఆల్లని తిట్టుకుంటా కూకున్నాను గానీ మా అయ్యకి ముద్దెట్టలేదురా. ఆకేస్తే తిట్టడం మానాలేమోనని బయం. నిన్న ఆడు బల్ల సుట్టూ పాకతంటే సూసినాను. ఆడూ ముసిలోడైపోనాడు, నానూ ముసిలోన్నైపోతన్నాను. ఇంకెవడు తింతాడు ఆ తిట్లు?" అన్నాడు. తర్వాత మూకుడు సరిగా తోమలేదని నన్ను తిట్టాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే సైన్యం ట్రక్కులు వీధుల్లోకి వచ్చాయి. మళ్ళీ కాల్పులు. దేశం ఈసారి తలుపులకి ఇంకో గడియ బిగించుకుంది. కౌంటరు అమ్మాయి సరిహద్దు వైపు వెళ్ళిపోయిందన్నారు, మళ్ళీ కబురు లేదు. ఆమె పేరున నేను ఆకు వెయ్యను. ఎక్కడో ఉండే ఉంటుంది, ఎవరికో నా గరిటె సంగతి చెప్పి నవ్వుతూనే ఉంటుంది. మేస్త్రీ చాలా ఏళ్ళు పనిచేశాడు. సారా మానలేదు. ఏటా ఆకు మాత్రం వేశాడు, ఏటా ముందు తనే తిన్నాడు. "మా అయ్య నా గారె తిన్నాడురా, ఉప్పు తక్కువన్నాడు" అనే మాట పాత కబుర్లలో కొత్తగా చేరింది. తాకేటాలో తన మంచం మీదే పోయాడు. పిల్లలు లేరు. ఆకు నేను వేస్తున్నాను.

ఆయన చెప్పిన "అడిగిన రోజు" ఇంకా రాలేదు. మీ తరం కూడా వీధుల్లోకి వెళ్ళి వచ్చింది, మీలోనూ కొందరు తిరిగి రాలేదు. ఎవరూ వచ్చి బొగ్గు మసిలో నుదురు ఆనించలేదు. ఆనించకుండానే మీరు వదిలెయ్యాలని నేను చెప్పను, ఆ మాట చెప్పడానికి ఈ కథ రాయలేదు.

నేను రాసింది గారె కోసం. ఈ ఏడు ఆకు వేసేటప్పుడు ఫోన్లు జేబులో పెట్టుకుని దగ్గరికి రండి. తలా ఒక గారె తీసుకుని ముందు మీరు తినండి. పూజారిగారి సంగతి నేను చూసుకుంటాను. మా మేస్త్రీ వంటింట్లో అందరూ తిన్నాకే కూర్చునే మనిషి, వాళ్ళ అయ్య పోలిక. మీరు తింటేగాని ఆయన తినడు. కాకి కాసేపు ఆగుతుంది.